పైథాన్ 3.14 రివ్యూ: పోస్టర్ మీద ఒకటి, చేతికి తగిలేది ఇంకొకటి

పైథాన్ 3.14 వర్షన్ 2025 అక్టోబర్ 7న వచ్చింది. దాని గురించి ఎక్కడ చదివినా ముందు వినపడేవి మూడే: గిల్ (ఒకేసారి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే లాక్) లేని బిల్డ్, టీ-స్ట్రింగులు, జిట్ (కోడ్‌ని నడుస్తుండగానే మెషీన్ కోడ్‌గా మార్చే కంపైలర్). అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు మామూలు ప్రాజెక్టులో ఈ మూడూ ఎదురుపడవు. ఎదురుపడేవి మల్టీప్రాసెసింగ్‌లో (పనిని చాలా ప్రాసెసులకి పంచే మాడ్యూల్) మారిన డిఫాల్ట్, టైప్ అనొటేషన్లు (విలువ ఏ రకమో చెప్పే హింట్లు) చదివే పద్ధతి, పాత ఏసింక్‌ఐవో (ఒకే థ్రెడ్‌లో చాలా పనులు కలిపి నడిపే మాడ్యూల్) స్క్రిప్టులు. ఈ రివ్యూలో ఎక్కువ చోటు వాటికే.

ముందు తీర్పు చెప్పేస్తాను. కొత్తగా మొదలుపెట్టే ప్రాజెక్టుకి 3.14 తీసుకోవచ్చు, సందేహం అక్కర్లేదు. నడుస్తున్న సర్వీసుకైతే దీన్ని ఒక పూట పనిగా అనుకోవద్దు, అందులోనూ లినక్స్ మీద వర్కర్ ప్రాసెసులు పెట్టుకుని బతికే కోడ్ అయితే. ఏదైనా సరే 3.14.2 కంటే కింద ఆగకండి. డిసెంబర్ 2న 3.14.1 వచ్చిన మూడు రోజులకే 3.14.2 ని హడావిడిగా తేవాల్సి వచ్చింది. ప్రోగ్రాం నడుస్తుండగా పైథాన్‌ని అప్‌గ్రేడ్ చేస్తే మల్టీప్రాసెసింగ్‌లో ఎక్సెప్షన్లు రావడం, ఇనిట్ లేని డేటాక్లాసులు తప్పు పట్టడం, డిక్షనరీలో విలువ చేర్చేచోట క్రాష్ అవడం వంటి రిగ్రెషన్లను (ముందు పనిచేసి కొత్త వర్షన్‌లో విరిగినవాటిని) అందులో సరిచేశారు.

ఇక అసలు విషయం. ఇన్నాళ్లూ లినక్స్‌లో మల్టీప్రాసెసింగ్ డిఫాల్ట్‌గా ఫోర్క్ వాడేది. అంటే తల్లి ప్రాసెస్ మెమరీ యావత్తూ పిల్ల ప్రాసెస్‌కి ఉన్నదున్నట్టు దక్కేది. 3.14 నుంచి డిఫాల్ట్ ఫోర్క్‌సర్వర్. ఒక శుభ్రమైన సర్వర్ ప్రాసెస్ పక్కన నిలబడి, అడిగినప్పుడల్లా పిల్లల్ని తనలోంచి పుట్టిస్తుంది. ఆ పిల్లలకి మన మెయిన్ ప్రాసెస్ మెమరీ తెలియదు. మెయిన్ ఫైల్‌ని మళ్లీ ఇంపోర్ట్ చేసుకుని, పికిల్ చేసి (బైట్లుగా మార్చి) పంపిన ఆర్గ్యుమెంట్లతో పని మొదలుపెడతాయి. విండోస్‌లో ఎప్పటినుంచో ఇదే తీరు, మ్యాక్‌లో 3.8 నుంచి స్పాన్ (ప్రతి పిల్ల ప్రాసెస్‌నీ కొత్తగా మొదలుపెట్టే పద్ధతి). కాబట్టి ఆ రెండిట్లోనూ నడిచే కోడ్‌కి ఇక్కడా ఢోకా ఉండదు. లినక్స్‌నే నమ్ముకుని రాసినదానికే దెబ్బ.

మార్పుకి కారణం లేకపోలేదు. థ్రెడ్లు నడుస్తున్న ప్రాసెస్‌ని ఫోర్క్ చేస్తే, ఏదో ఒక థ్రెడ్ పట్టుకున్న లాక్ పిల్ల ప్రాసెస్‌లో లాక్ అయిన స్థితిలోనే కాపీ అవుతుంది. విడిపించాల్సిన థ్రెడ్ మాత్రం అక్కడ ఉండదు. ప్రోగ్రాం అలా ఉరితాడు బిగిసినట్టు ఆగిపోతుంది, అదీ వందలో ఒకసారి. 3.12 నుంచే దీనికి డెప్రికేషన్ హెచ్చరిక వస్తోంది. ఎవరూ పట్టించుకోలేదు.

విరిగే తీరులు మూడు రకాలు. మొదటి రెండూ అరిచి చెబుతాయి. వర్కర్‌కి లాంబ్డానో, ఫంక్షన్ లోపల రాసిన ఫంక్షన్‌నో ఇస్తే పికిల్ చేయలేనని ఎర్రర్ వస్తుంది. ఆ ఫంక్షన్‌ని మాడ్యూల్ స్థాయికి తెచ్చేస్తే సరి. పూల్ (వర్కర్ ప్రాసెసుల గుంపు) సృష్టించే లైన్‌ని మెయిన్ గార్డ్ (ఫైల్‌ని నేరుగా నడిపినప్పుడే పనిచేసే ఇఫ్ బ్లాక్) లోపల కాకుండా ఫైల్‌లో బయటే వదిలేస్తే, పిల్ల ప్రాసెస్ ఫైల్‌ని ఇంపోర్ట్ చేస్తూ తానూ పూల్ పెట్టబోతుంది. బూట్‌స్ట్రాపింగ్ ఇంకా పూర్తి కాలేదంటూ రన్‌టైమ్ ఎర్రర్ పడుతుంది. గార్డ్ పెడితే పోతుంది.

మూడోది చాపకింద నీరు. ఫైల్ పైన గ్లోబల్ సెట్టింగ్ ఒకటి ఉందనుకోండి, దాని డిఫాల్ట్ విలువ 10. మెయిన్ గార్డ్ లోపల కమాండ్ లైన్ చదివి దాన్ని 500 చేశారు. ఆ తర్వాత పూల్ మొదలైంది. 3.13 లో వర్కర్లకి 500 కనిపించేది. 3.14 లో అవి ఫైల్‌ని మళ్లీ ఇంపోర్ట్ చేసుకుంటాయి, గార్డ్ లోపలి కోడ్ వాటిలో నడవదు, కాబట్టి 10 కనిపిస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. ఫలితం మాత్రం తప్పు. లాగింగ్ కూడా ఇలాగే మోసం చేస్తుంది: సెటప్ గార్డ్ లోపలే ఉంటే వర్కర్ల నుంచి ఇన్ఫో స్థాయి లాగులు మాయమై వార్నింగులు మాత్రమే మిగులుతాయి. అప్‌గ్రేడ్ అయ్యాక లాగ్ ఫైల్ ఉన్నట్టుండి చిక్కిపోయిందంటే మొదట చూడాల్సింది ఇదే.

మెమరీ సంగతి వేరు. పెద్ద టేబుల్‌నో మోడల్‌నో ఒకసారి లోడ్ చేసి, ఫోర్క్ పుణ్యమా అని వర్కర్లందరికీ ఉచితంగా పంచే అలవాటు చాలా డేటా స్క్రిప్టులకి ఉంది. కాపీ-ఆన్-రైట్ (ఎవరైనా మార్చేదాకా మెమరీని కాపీ చేయకుండా పంచుకోవడం) వల్ల అది నడిచింది. ఇప్పుడు ఆ డేటా ఆర్గ్యుమెంట్‌గా వెళ్తే ప్రతిసారీ పికిల్ అవుతుంది, ప్రతి వర్కర్‌లోనూ సొంత కాపీ ఉంటుంది. పూల్‌కి ఇనిషియలైజర్ ఇచ్చి వర్కర్‌కి ఒక్కసారే లోడ్ చేయించడం ఒక దారి, షేర్డ్ మెమరీ మాడ్యూల్ ఇంకో దారి. రెండూ కుదరకపోతే గెట్ కాంటెక్స్ట్‌తో ఫోర్క్ అని పేరుపెట్టి అడగండి, పాత ప్రవర్తన తిరిగొస్తుంది. ప్రాసెస్ పూల్ ఎగ్జిక్యూటర్‌కీ కాంటెక్స్ట్ ఇచ్చే ఆర్గ్యుమెంట్ ఉంది. గ్లోబల్‌గా స్టార్ట్ మెథడ్ మార్చడం మాత్రం అప్లికేషన్ రాసేవాళ్ల పని, లైబ్రరీ రాసేవాళ్లు దాని జోలికి పోకూడదు.

అనొటేషన్ల మార్పు దీనికి పూర్తిగా విరుద్ధం: వాడేవాళ్లకి పండగ, టూల్స్ రాసేవాళ్లకి పని. టైప్ హింట్లు ఇకపై ఫంక్షన్‌నో క్లాస్‌నో నిర్వచించేటప్పుడు లెక్కగట్టబడవు, ఎవరైనా అడిగినప్పుడే లెక్కగడతారు. ఇంకా నిర్వచించని క్లాస్ పేరుని కోట్స్ లేకుండా రాసుకోవచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది. టైప్ చెకింగ్ బ్లాక్ లోపల మాత్రమే ఇంపోర్ట్ చేసిన పేరుని హింట్‌గా రాస్తే ఫైల్ హాయిగా లోడ్ అవుతుంది. రన్‌టైమ్‌లో ఆ హింట్‌ని చదవబోయిన లైబ్రరీకి నేమ్ ఎర్రర్ తగులుతుంది. తప్పు ఒకచోట, పేలేది ఇంకోచోట. హింట్లు చదివే కోడ్ మీదే అయితే కొత్త అనొటేషన్‌లిబ్ మాడ్యూల్‌లో మూడు ఫార్మాట్లున్నాయి: అసలు విలువ, ఫార్వర్డ్ రిఫరెన్స్, స్ట్రింగ్. పేరు దొరకకపోయినా పడిపోకూడదంటే రెండోది వాడండి. మెటాక్లాస్‌లో నేమ్‌స్పేస్ డిక్షనరీ తెరిచి అనొటేషన్స్ కీ కోసం వెతికే కోడ్ ఇకపై ఖాళీ చేతులతో తిరిగొస్తుంది. దానికోసం అదే మాడ్యూల్‌లో ప్రత్యేక ఫంక్షన్ పెట్టారు.

డేటాని సరిచూసే లైబ్రరీ పైడాంటిక్ వాడేవాళ్లు 2.12 కి వెళ్లాకే 3.14 వైపు చూడాలి. పైడాంటిక్ మొదటి వర్షన్ మీద ఆగిపోయిన ప్రాజెక్టుకి, రెండో వర్షన్‌లో ఉన్న వీ1 నేమ్‌స్పేస్‌తో నెట్టుకొస్తున్న ప్రాజెక్టుకి కూడా, 3.14 తలుపులు మూసినట్టే. ఫ్యూచర్ నుంచి అనొటేషన్స్ ఇంపోర్ట్ చేసే లైన్ ఇప్పటికి పాతలాగే పనిచేస్తుంది. 3.13 ని ఇంకా సపోర్ట్ చేస్తున్న లైబ్రరీలోంచి దాన్ని తొందరపడి తీసేయకండి.

ఏసింక్‌ఐవో సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. గెట్ ఈవెంట్ లూప్ అని పిలిచి, లూప్ లేకపోతే అదే పుట్టిస్తుందనే భరోసాతో రాసిన పాత స్క్రిప్టులు ఇప్పుడు రన్‌టైమ్ ఎర్రర్‌తో ఆగుతాయి. ఏసింక్‌ఐవో రన్ వాడండి. ఒకే లూప్ మీద చాలా కోరూటీన్లు (మధ్యలో ఆగి మళ్లీ సాగే ఫంక్షన్లు) విడివిడిగా నడపాలంటే రన్నర్ క్లాస్ ఉంది.

ఇలాంటివే ఇంకొన్ని ఉన్నాయి. సింటాక్స్ ట్రీ మాడ్యూల్‌లో నమ్, స్ట్ర్ వంటి పాత నోడ్ క్లాసులు పోయాయి, కాబట్టి పాత లింటర్ (కోడ్‌లో తప్పులు వెతికే టూల్) ప్లగిన్లు పడిపోతాయి. నాట్ ఇంప్లిమెంటెడ్ విలువని ఇఫ్ కండిషన్‌లో పెడితే టైప్ ఎర్రర్. ఫైనల్లీ బ్లాక్‌లోంచి బయటపడేలా రిటర్న్, బ్రేక్, కంటిన్యూ రాస్తే సింటాక్స్ వార్నింగ్. ఇది మంచి పని, ఎందుకంటే అక్కడి రిటర్న్ పైనుంచి వస్తున్న ఎక్సెప్షన్‌ని చప్పుడు చేయకుండా మింగేస్తుంది. వార్నింగులన్నిటినీ ఎర్రర్లుగా మార్చే సెట్టింగుతో టెస్టులు నడిపేచోట మాత్రం ఇది బిల్డ్‌ని ఆపేస్తుంది.

ఇప్పుడు పోస్టర్ సరుకు. ఫ్రీ-థ్రెడెడ్ బిల్డ్, అంటే గిల్ లేనిది, 3.13 లో ప్రయోగం, 3.14 లో అధికారికంగా సపోర్ట్ ఉన్నది. అయినా అది వేరే బిల్డే. మామూలు 3.14 ఇన్‌స్టాల్ చేస్తే గిల్ ఎక్కడికీ పోదు. పేరు చివర టీ ఉన్న ఇంటర్‌ప్రెటర్‌ని విడిగా తెచ్చుకోవాలి. సింగిల్ థ్రెడ్ కోడ్‌కి వేగం 5 నుంచి 10 శాతం తగ్గుతుంది. 3.13 లో పడిన దెబ్బతో పోలిస్తే ఇది చాలా మెరుగు, ఎందుకంటే అప్పుడు ఆపేసిన స్పెషలైజింగ్ ఇంటర్‌ప్రెటర్ (తరచూ నడిచే కోడ్‌ని వేగవంతం చేసే భాగం) ఈసారి ఈ బిల్డ్‌లోనూ పనిచేస్తోంది.

దీన్ని పరీక్షించేవాళ్లు ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడ: గిల్ లేకుండా నడవడానికి సిద్ధమని ప్రకటించని సీ ఎక్స్‌టెన్షన్ (సీ భాషలో రాసిన మాడ్యూల్) ఒక్కటి ఇంపోర్ట్ అయినా చాలు, పైథాన్ ఒక రన్‌టైమ్ వార్నింగ్ ఇచ్చి ఆ ప్రాసెస్ మొత్తానికి గిల్‌ని తిరిగి ఆన్ చేస్తుంది. వార్నింగులు దాచేసే సెటప్ అయితే 8 థ్రెడ్లు పెట్టినా వేగం పెరగలేదేమిటా అని తల బాదుకోవడమే మిగులుతుంది. అన్ని ఇంపోర్టులూ అయ్యాక సిస్ మాడ్యూల్‌లో గిల్ ఎనేబుల్ అయి ఉందా అని చెప్పే, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫంక్షన్‌ని ఒకసారి పిలిచి చూడండి. బెంచ్‌మార్క్ ఆ తర్వాతే.

వీల్స్ (ముందే బిల్డ్ చేసిన ప్యాకేజీలు) కూడా వేరే కావాలి. లెక్కల లైబ్రరీ నమ్‌పై (NumPy) 2.1 నుంచే ప్రాథమిక సపోర్ట్ మొదలైంది, పెద్ద సైంటిఫిక్ లైబ్రరీలు ఆ దారిలో ఉన్నాయి. స్టేబుల్ ఏబీఐ (చాలా పైథాన్ వర్షన్లకి చెల్లే బైనరీ ఒప్పందం) మీద ఒకే వీల్ ఇచ్చే లైబ్రరీలకి ఈ బిల్డ్‌లో అది చెల్లదు, కాబట్టి పిప్ సోర్స్ నుంచి కంపైల్ చేయడానికి దిగుతుంది. సన్నని డాకర్ ఇమేజ్‌లో కంపైలర్ లేకపోతే అక్కడే ఆగుతుంది.

లిస్టులు, డిక్షనరీలకి లోపల లాకులున్నాయి కాబట్టి అవి పాడవవు. కీ ఉందా అని చూసి లేకపోతే చేర్చే రెండు అడుగుల పనికి, కౌంటర్‌కి ఒకటి కలిపే పనికి ఆ లాకులు రక్షణ ఇవ్వవు. గిల్ ఉన్న రోజుల్లోనూ ఈ తప్పు తప్పే, కాకపోతే అరుదుగా బయటపడేది. ఇప్పుడు రోజూ బయటపడుతుంది.

ఒకే ప్రాసెస్‌లో చాలా ఇంటర్‌ప్రెటర్లు నడిపే మాడ్యూల్ ఈసారి స్టాండర్డ్ లైబ్రరీలోకి వచ్చింది, దానికో పూల్ ఎగ్జిక్యూటర్ కూడా ఉంది. ఒక్కొక్క ఇంటర్‌ప్రెటర్‌కి సొంత గిల్, కాబట్టి మామూలు బిల్డ్‌లోనే కోర్లన్నీ వాడుకోవచ్చు. ఆబ్జెక్టులు వాటి మధ్య పంచుకోలేం, ఇంటర్‌ప్రెటర్ మొదలవడం ఇంకా బరువే, చాలా సీ ఎక్స్‌టెన్షన్లు అందులో లోడ్ అవవు. శుద్ధ పైథాన్ లెక్కలకి బాగుంది. ఇంకో రెండు వర్షన్లు ఆగి చూడాల్సిన సరుకు.

టీ-స్ట్రింగులు మంచి ఆలోచనే, కానీ నేడు చేతికి ఉపయోగం తక్కువ. ఎఫ్-స్ట్రింగ్ లాగే రాస్తాం, వచ్చేది స్ట్రింగ్ కాదు, టెంప్లేట్ ఆబ్జెక్ట్. స్థిరమైన ముక్కలు, మనం చొప్పించిన విలువలు అందులో విడివిడిగా ఉంటాయి. ఎస్‌క్యూఎల్, హెచ్‌టీఎంఎల్ తయారుచేసే లైబ్రరీ ఆ విలువల్ని ఎస్కేప్ చేసి వాడుకోవచ్చు. ఆ లైబ్రరీ ఉండాలి మరి. స్టాండర్డ్ లైబ్రరీలోని ఎస్‌క్యూలైట్‌కే టెంప్లేట్ ఇస్తే తీసుకోదు. మామూలు స్ట్రింగ్‌తో కలపబోతే టైప్ ఎర్రర్. లాగింగ్‌లో ఖరీదైన లెక్కని వాయిదా వేస్తుందని ఆశపడేవాళ్లున్నారు. వేయదు, కర్లీ బ్రాకెట్ల లోపలి ఎక్స్‌ప్రెషన్లు ఎఫ్-స్ట్రింగ్‌లో లాగే అప్పటికప్పుడే లెక్కతేలుతాయి.

జిట్ గురించి డాక్యుమెంటేషన్ చెప్పేదే చాలు: పనిని బట్టి 10 శాతం నెమ్మది నుంచి 20 శాతం వేగం వరకు. విండోస్, మ్యాక్ అధికారిక బైనరీల్లో ఉంది, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో ఆన్ చేయాలి. ప్రొడక్షన్‌లో వద్దు. టెయిల్ కాల్ ఇంటర్‌ప్రెటర్ అనే కొత్త రకానికి మొదట్లో చెప్పిన వేగం అంకెలు ఘనంగా ఉండేవి. పోల్చడానికి వాడిన క్లాంగ్ 19 కంపైలర్‌లోని బగ్ పాత ఇంటర్‌ప్రెటర్‌ని నెమ్మది చేసిందని తేలాక అది 3 నుంచి 5 శాతానికి దిగింది. తప్పుని దాచకుండా అంకెల్ని బహిరంగంగా సవరించిన తీరు మెచ్చుకోదగ్గది. క్లాంగ్ 19 గానీ ఆపైది గానీ పెట్టుకుని, ఆ ఆప్షన్ ఇచ్చి సోర్స్ నుంచి బిల్డ్ చేస్తేనే ఈ లాభం.

నా లెక్కలో ఈ రిలీజ్‌కి అసలైన విలువ డీబగ్గింగ్‌లో ఉంది. నడుస్తున్న ఏసింక్ సర్వీస్ ఎక్కడో ఇరుక్కుందనుకోండి. పక్క టెర్మినల్‌లో ఏసింక్‌ఐవో మాడ్యూల్‌ని పీఎస్‌ట్రీ సబ్‌కమాండ్‌తో, ప్రాసెస్ నంబరు ఇచ్చి నడిపితే ఏ టాస్క్ ఏ కోరూటీన్ కోసం ఎదురుచూస్తోందో చెట్టు గీసి చూపిస్తుంది. కోడ్‌లో ఒక్క లైన్ మార్చక్కర్లేదు, సర్వీస్‌ని ఆపక్కర్లేదు. రెండు టాస్కులు ఒకదానికోసం ఒకటి చూస్తూ కూర్చుంటే చెట్టు గీయలేనని, గ్రాఫ్‌లో సైకిల్ ఉందని చెబుతుంది. డెడ్‌లాక్ దొరికినట్టే. పీఎస్ సబ్‌కమాండ్ అదే సమాచారాన్ని పట్టికగా ఇస్తుంది, స్క్రిప్టులకి అది అనువు.

పైథాన్ డీబగ్గర్ పీడీబీ కూడా ఇప్పుడు నడుస్తున్న ప్రాసెస్‌కి నంబరుతో అతుక్కుంటుంది. వాడనప్పుడు వేగం మీద భారం ఉండదు. షరతులు మాత్రం తెలియాలి. రెండు వైపులా ఒకే మైనర్ వర్షన్ పైథాన్ ఉండాలి. లినక్స్‌లో పీట్రేస్ హక్కు (వేరే ప్రాసెస్‌లోకి చూసే అనుమతి) కావాలి, కంటెయినర్‌లో అయితే దాన్ని విడిగా ఇవ్వాలి. మ్యాక్‌లో రూట్ కావాలి. ప్రాసెస్ సీ ఫంక్షన్‌లోనో నెట్‌వర్క్ రీడ్‌లోనో ఇరుక్కుంటే, అది మళ్లీ పైథాన్ బైట్‌కోడ్‌కి వచ్చేదాకా పీడీబీ వేచి ఉండాల్సిందే. పైన చెప్పిన పీఎస్‌ట్రీకి ఆ బాధ లేదు, అది బయటినుంచి మెమరీ చదువుతుంది. ఈ సౌకర్యం ఉండటమే ప్రమాదం అనుకునే సెక్యూరిటీ బృందాలకి దాన్ని ఆపే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, ఇంటర్‌ప్రెటర్ ఆప్షన్, బిల్డ్ ఆప్షన్ మూడూ ఉన్నాయి.

జెడ్‌స్టాండర్డ్ కంప్రెషన్ లైబ్రరీలోకి రావడం ఇంకో మంచి పని. టార్, జిప్ మాడ్యూళ్లకీ అది తెలుసు. డిఫాల్ట్ లెవెల్ 3, లాగులు సర్దడానికి అది చాలు. సోర్స్ నుంచి పైథాన్ బిల్డ్ చేసేవాళ్లు ఆ లైబ్రరీ హెడర్ ఫైళ్లు లేకుండా చేస్తే బిల్డ్ పూర్తవుతుంది, మాడ్యూల్ మాత్రం ఉండదు. తేదీ క్రమంలో పేర్చుకునే ఏడో వర్షన్ యూయూఐడీ, పాథ్‌లిబ్‌లో కాపీ, మూవ్, హీప్‌క్యూలో మ్యాక్స్ హీప్ ఫంక్షన్లు కూడా వచ్చాయి, ఇక మైనస్ గుర్తు పెట్టి తిప్పలు పడక్కర్లేదు. కీవర్డ్ స్పెల్లింగ్ తప్పితే సరైనది ఏదో సూచిస్తుంది. బ్రాకెట్లు లేకుండా కామాతో రెండు ఎక్సెప్షన్లు పట్టుకోవడాన్ని మాత్రం నేను వాడమనను. పక్కన యాజ్ వస్తే మళ్లీ బ్రాకెట్లు పెట్టాల్సిందే, ఆ ఫైల్ 3.13 లో సింటాక్స్ ఎర్రర్. మిగిలే లాభం రెండు అక్షరాలు.

విండోస్‌లో ఇన్‌స్టాల్ మేనేజర్ అనే కొత్త పద్ధతి వచ్చింది. పాత లాంచర్ మెషీన్‌లో మిగిలి ఉంటే పీవై కమాండ్ దాన్నే పట్టుకుంటుంది, ఇన్‌స్టాల్ సబ్‌కమాండ్ పనిచేయదు. ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో పైథాన్ లాంచర్‌ని తీసేయండి, లేదా పైమేనేజర్ అనే పూర్తి పేరుతో పిలవండి. సోర్స్ దించుకుని పీజీపీ సంతకం సరిచూసే స్క్రిప్టులు, డాకర్‌ఫైళ్లు ఉన్నవాళ్లు ఇంకోటి గమనించాలి: 3.14 నుంచి ఆ సంతకాలు లేవు, సిగ్‌స్టోర్ అనే వేరే సంతకాల పద్ధతి మాత్రమే.

అప్‌గ్రేడ్‌కి దిగేవాళ్లు ఇలా వెళ్తే తక్కువ దెబ్బలు తగులుతాయి. ముందు ఇప్పటి వర్షన్‌లోనే డెప్రికేషన్ వార్నింగులని ఎర్రర్లుగా మార్చి టెస్టులు నడపండి. ఆ తర్వాత మల్టీప్రాసెసింగ్ స్టార్ట్ మెథడ్‌ని ఫోర్క్‌సర్వర్‌గా పెట్టి మళ్లీ నడపండి. దీనికి 3.14 అక్కర్లేదు, పాత వర్షన్‌లోనే బండారం బయటపడుతుంది. డిపెండెన్సీలని బైనరీ మాత్రమే అనే ఆప్షన్‌తో 3.14 కోసం దించి చూస్తే వీల్ లేనివి ఏవో తెలుస్తాయి. 3.14 ని సిస్టం పైథాన్ స్థానంలో కాకుండా పక్కన పెట్టి కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారుచేయండి. పాత ఎన్విరాన్‌మెంట్‌ని వారంలో తుడిచేయకండి, నెలకోసారి నడిచే క్రాన్ జాబులు ఒక విడత పూర్తయ్యి వాటి ఫలితాలు సరిచూసుకునేదాకా ఉంచండి. 3.13 కి బగ్ ఫిక్సులు ఇంకా వస్తున్నాయి, కాబట్టి అక్కడున్నవాళ్లకి తొందరేమీ లేదు. 3.9 కి సపోర్ట్ 2025 అక్టోబర్‌తో ముగిసింది, 3.10 కి 2026 అక్టోబర్ గడువు. ఆ రెండింట్లో ఉన్నవాళ్లు మధ్యలో ఇంకో వర్షన్ దగ్గర ఆగకుండా నేరుగా 3.14 కే రావచ్చు, దీనికి సెక్యూరిటీ ఫిక్సులు 2030 అక్టోబర్ దాకా వస్తాయి.